సురాధ్వజము, రాజదండము: దర్శి సీమలో పానాగార చరిత్ర

మనుస్మృతి చతుర్థాధ్యాయంలో ప్రతిగ్రహ నియమాలను చెప్పే సందర్భంలో ఒక విచిత్రమైన గణితం ఉన్నది. ఎవరి దానం స్వీకరించరాదో చెబుతూ స్మృతికారుడు దోషాన్ని తూకం వేస్తాడు. పది పశువధశాలల దోషం ఒక నూనెగానుగకు సమానం. పది గానుగలు ఒక ధ్వజానికి సమానం. పది ధ్వజాలు ఒక వేశ్యాగృహానికి, పది వేశ్యాగృహాలు ఒక రాజుకు సమానం. ఈ రాజు ధర్మం తప్పిన రాజు, శాస్త్రాన్ని అతిక్రమించి ధనం కూడబెట్టే రాజు. అట్టి రాజు పదివేల వధశాలలు నడిపేవానితో సమానుడని మరుసటి శ్లోకమే కూడిక పూర్తిచేస్తుంది.

ఇందులో ధ్వజమంటే ఏమిటి? వ్యాఖ్యాతలు శౌండికుడు, అనగా సురను కాచి అమ్మేవాడు, అని అర్థం చెప్పారు. పూర్వం మద్యం కాచి పోసే ఇంటికి గుర్తుగా ఒక జెండా ఎగిరేది. దారిన పోయే బాటసారికి అదే ఆహ్వానం. సురాపానం చేసినవాని నుదుట అదే జెండా గుర్తును కాల్చి వేయాలని నవమాధ్యాయం శిక్ష విధిస్తుంది. ఇంటి గుర్తే నేరానికి ముద్ర అయింది. ఐతే లెక్కను మరొకసారి చూడండి. ధర్మం తప్పిన ఒక్క రాజు నూరు ధ్వజాలకు సమానం. సురను ఇంతగా నిందించిన స్మృతి, ఆ జెండా కింద కూర్చున్న దరిద్ర శౌండికుని కంటే సింహాసనం మీద కూర్చున్నవానిని నూరురెట్లు భారంగా తూచింది. సురాపానం గురించి మన ప్రవచనాలలో తరచుగా వినవచ్చేది తాగేవాని పాపం. ఈ గణితం మాత్రం అంతగా వినరాదు. దర్శి చుట్టుపట్ల గత నూరు నూటయాభై యేండ్లలో జరిగిన కథ అర్థం కావాలంటే ఈ గణితమే తాళపుచెవి అని నా అభిప్రాయం.

ముందుగా ఆ జెండా ఎగిరిన ఇంటిలోనికి వెళ్ళి చూద్దాం. దాని వర్ణన ధర్మశాస్త్రంలో దొరకదు, కౌటిలీయ అర్థశాస్త్రంలో దొరుకుతుంది. ద్వితీయాధికరణంలో సురాధ్యక్షుడనే అధికారికి ఒక ప్రకరణమే ఉన్నది. పానాగారంలో అనేక గదులుండాలి. ఒక్కొక్క గదిలో వేరువేరు శయ్యలు, ఆసనాలు ఉండాలి. గంధం, మాలలు, నీరు సిద్ధంగా ఉండాలి. ఏ ఋతువుకు తగిన సుఖం ఆ ఋతువులో కలగాలి. అనగా అది బాటసారి పడుకొనే విడిది, సుర తయారయ్యే శాల, తాగే స్థలం, మూడూ ఒకటే. మత్తులో నిద్రించినవాని నగ పోతే దుకాణదారుడే దాని విలువ కట్టి ఇవ్వాలి, అపరాధ రుసుము అదనం. సరుకును తక్కువ ధరకు గాని అరువుకు గాని అమ్మరాదు. గ్రామం దాటించరాదు. దుకాణాలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉండరాదు. ఈ చివరి నియమానికి కౌటిల్యుడు చెప్పిన కారణాలు ఆలోచించదగినవి: పనివారు పని చెడగొట్టుకొంటారు, ఆర్యులు మర్యాద దాటుతారు, కరకువారు తెగిస్తారు.

తయారీ విధానమూ అక్కడే ఉన్నది. మేదకమనే రకానికి ఒక ద్రోణం నీరు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం. కిణ్వమంటే పులియబెట్టే ముద్ద. దానిని ఎలా చేస్తారంటే, మినుముల పిండి పచ్చిదో ఉడికించినదో ఒక ద్రోణం తీసుకొని, అందులో మూడవ వంతు ఎక్కువగా బియ్యం చేర్చి, కొన్ని మూలికలు కర్షం చొప్పున కలపాలి. మినుములు, బియ్యం! ఇది చదివిన ఏ తెలుగు ఇల్లాలికైనా రాత్రి రుబ్బి మూతపెట్టిన ఇడ్లీ పిండి గుర్తుకు రాకమానదు. మూలికలు, కాలపరిమితి, పర్యవసానం వేరు గాని, పులుపెక్కించే సూక్ష్మశక్తి అంతటా ఒకటే. కిణ్వానికి కావలసిన దినుసులు ఏరే పని స్త్రీలు, పిల్లలు చేయాలని కూడా గ్రంథం చెబుతుంది. అంటే పానాగారం వెనుక ఒక కుటుంబం ఉండేది. గృహస్థులు శుభకార్యాలకు శ్వేతసురను, వైద్యానికి అరిష్టాన్ని స్వయంగా చేసుకోవచ్చు. ఉత్సవాలకు, సమాజాలకు, యాత్రలకు నాలుగు రోజుల అనుమతి. మిగిలిన కాలమంతా రాజు కన్ను దాని మీదనే.

వేదం సంగతి ఏమిటని సాధకులు అడుగుతారు. దానిని దాచిపెట్టి మాట్లాడడం మన సంప్రదాయానికి గౌరవం కాదు. సౌత్రామణి యాగంలో సుర ఆహుతి ద్రవ్యం. తెలుగునాట ఆపస్తంబ సూత్రులు అధ్యయనం చేసే తైత్తిరీయ బ్రాహ్మణంలోనే దాని మంత్రభాగం ఉన్నది. మొలకెత్తిన ధాన్యాన్ని, మొలకెత్తిన యవలను, పేలాలను కొని తెచ్చి, ఓషధులు చేర్చి, మూడు రాత్రులు ఊరనిచ్చి, వెంట్రుకల జల్లెడలో వడగట్టి పాలతో కలిపే ఆ ప్రక్రియను చదివితే అది యజ్ఞశాలలోని చిన్న సురాకర్మశాల అని తోస్తుంది. అది ఎందుకు చేస్తారు? ఆహ్వానం లేకుండా సోమాన్ని అతిగా తాగి బలం కోల్పోయిన ఇంద్రునికి అశ్వినులు, సరస్వతి చేసిన చికిత్స అది. అతిపానం వల్ల చెడినవానికి ఔషధమన్నమాట. వాజపేయంలో పదిహేడు సోమపాత్రలు, పదిహేడు సురాపాత్రలు ఉంటాయి గాని రెంటినీ కలపరు. సోమం సత్యము, శ్రీ, జ్యోతి. సుర అనృతము, పాపము, తమస్సు అని శతపథ బ్రాహ్మణం స్పష్టంగా విడదీస్తుంది. సౌత్రామణిలో మిగిలిన సురను తాగడానికి ఒక బ్రాహ్మణుని వెల ఇచ్చి తెచ్చుకోవాలి, దొరకకపోతే పుట్ట మీద పోయాలి అని విధి. వేదకాలంలోనే ఆ పాత్ర అందుకొనే చేతులు కరువై ఉంటాయని ఈ విధిని బట్టి ఊహించవచ్చు. సూత్రకారులు పాలను ప్రత్యామ్నాయంగా ఇచ్చారు. కలివర్జ్యాల పట్టిక సౌత్రామణి సురాగ్రహణాన్ని నిషేధించింది.

నిషేధం ఎలా మొదలైందో భారతం రెండుసార్లు చెప్పింది. మొదటిది ఆదిపర్వంలో, మన నన్నయగారి చేతిలో తెలుగైన కచోపాఖ్యానం. అసురులు కచుని కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రునికి ఇచ్చారు. గురువు తన శిష్యునే తాగాడు. తెలివి వచ్చాక ఆయన చేసిన మర్యాద: ఇకపై సుర తాగిన బ్రాహ్మణునికి బ్రహ్మహత్యా పాతకం. గమనించవలసినది, ఆ కట్టడి చేసినవాడు తాగినవాడే. తనకు పట్టిన అవమానాన్ని తన వర్గానికి నియమంగా మార్చుకొన్నాడు. రాజభటుడు లేడు, శూలం లేదు.

రెండవది మౌసలపర్వంలో. ఈ పర్వాన్ని తెనిగించిన తిక్కన సోమయాజి నెల్లూరివాడు, దర్శి చాలా కాలం ఆ నెల్లూరు జిల్లాకే చెందినది. సాంబుని కడుపున పుట్టిన ముసలాన్ని పొడిచేసి సముద్రంలో కలిపాక, ఉగ్రసేనుడు, కృష్ణుడు, బలరాముడు, బభ్రువు పేర్ల మీద ద్వారకలో చాటింపు వేశారు. నేటి నుండి వృష్ణ్యంధకుల ఏ ఇంటిలోను సుర గాని ఆసవం గాని తయారు చేయరాదు. చేసినవానిని బంధువులతో సహా బ్రతికుండగానే కొరత వేస్తారు. ఇతిహాసంలో సంపూర్ణ మద్యనిషేధం ఇదే. ఆజ్ఞాపించినవారిలో సాక్షాత్తు వాసుదేవుడున్నాడు. అందరూ భయంతో ఒప్పుకొన్నారు. ఐనా ప్రభాసతీర్థ యాత్రలో ఏం జరిగింది? బ్రాహ్మణుల కోసం వండిన అన్నంలో మద్యం కలిపి కోతులకు పెట్టారు. కృష్ణుని కన్నుల ముందరనే, బలరామునితో సహా తాగారు. మాటామాటా పెరిగి తుంగపరకలతో ఒకరినొకరు చంపుకొన్నారు. భగవంతుడు పేరు పెట్టి చేసిన శాసనం కూడా లోపలి కోరికను కొరత వేయలేకపోయింది. శుక్రుని నియమం నిలిచింది, ద్వారక చాటింపు నిలవలేదు. ఈ రెండు కథల మధ్య తేడాను నేను ఊరికే ఎత్తిచూపడం లేదు. ఈ వ్యాసంలో ముందుకు పోయినకొద్దీ అది మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

బలరాముని ప్రసక్తి వచ్చింది కనుక ఒక చిన్న మాట. ఆయన తాలధ్వజుడు, జెండా మీద తాటిచెట్టు గలవాడు. వరుణుడు పంపిన వారుణి చెట్టు తొర్రలోనుండి స్రవిస్తే బృందావనంలో ఆయన సేవించాడని పురాణం. పిండి నానబెట్టి కాచినది కాదు, చెట్టు నుండి కారినది. తెలుగు పల్లెలకు బాగా తెలిసిన పానం ఈ రెండవ జాతిదే.

కృష్ణా పెన్నల నడుమ ఉన్న ఈ మెట్టభూమిలో, ప్రత్తికి, మిరపకు, పొగాకుకు పేరుపడ్డ దర్శి ప్రాంతంలో, పానాగారం గదులతో శయ్యలతో ఉన్న విడిదిగా కాదు, తాటిచెట్టు నీడన తాటాకు పాకగా బ్రతికింది. కల్లుపాకకు వేరే కర్మశాల అక్కరలేదు. చెట్టే కర్మశాల. గీతకార్మికుడు నడుముకు మోకు బిగించి తెల్లవారకముందే చెట్టెక్కుతాడు. గెల కొనను పలుచగా చెక్కి లొట్టి కడతాడు. రోజుకు రెండుసార్లు ఎక్కి కొత్తగా గీయకపోతే గాయం ఎండి ధార ఆగిపోతుంది. అప్పుడే దిగిన రసం తియ్యని నీరా. లొట్టి లోపల సున్నం పూస్తే అది పులియదు, కాచితే తాటిబెల్లం అవుతుంది. సున్నం లేకపోతే కుండ గోడలకు, గాలికి ఉన్న ఈస్టు కొన్ని గంటలలోనే దానిని కల్లు చేస్తుంది. ఉదయపు కల్లు తీపి, మధ్యాహ్నానికి పులుపు, మరునాటికి పనికిరాదు. కాబట్టి దానిని నిలవచేయలేరు, దూరం పంపలేరు. గ్రామం దాటించరాదన్న కౌటిల్యుని నియమాన్ని తాటిచెట్టు తనంత తాను అమలు చేసింది! చెట్టుకు ఋతువు ఉన్నది, మనిషి ఎక్కగలిగిన చెట్లకు లెక్క ఉన్నది. పానానికి ప్రకృతి పెట్టిన హద్దులు ఇవి. గ్రామదేవత కొలువులలో కల్లు సాక పోసి మిగిలినది పంచుకోవడం కూడా అట్టి హద్దే, ఆనాటికి ఆ స్థలానికి మాత్రమే. మా వైదిక కర్మకు అది బాహ్యమే. అంతమాత్రాన పోలేరమ్మ ముందు లొట్టి దించిన చేతిని హీనంగా చూచే అధికారం మనకు ఎక్కడనుండి వచ్చిందో నాకు తెలియదు.

మరి బాటసారి ఎక్కడ తినేవాడు, ఎక్కడ పడుకొనేవాడు? దీనికి తెలుగుదేశం రెండు సమాధానాలు ఇచ్చింది: సత్రము, పూటకూటి ఇల్లు. దర్శికి తూర్పున ఉన్న అద్దంకిలో 1325 ప్రాంతాన రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. ఎఱ్ఱాప్రగడ హరివంశాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అట్టి యాత్రామార్గాలలో అన్నం పెట్టడం పుణ్యకార్యం, సత్రంలో వెల లేదు. వెలకు పెట్టేది పూటకూటి ఇల్లు. దర్శికి ఉత్తరాన ఉన్న వినుకొండ పేరును ఇంటిపేరుగా ధరించిన వల్లభరాయుడు క్రీడాభిరామంలో (ఇది శ్రీనాథుని రచనే అనేవారూ ఉన్నారు) ఓరుగల్లులోని లక్ష్మణవజ్ఝల పూటకూటి ఇంటిని చూపించాడు. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, పిండివంటలు, పప్పు, కమ్మని నెయ్యి, కూరలు, పెరుగు. నోరూరించే ఆ పట్టికలో మద్యం లేదు. పాటలీపుత్రపు పానాగారంలో ఒక కప్పు కింద ఉన్న అన్నం, శయ్య, సుర ఇక్కడ విడివడ్డాయి. అన్నం ఒక ఇంటిలో, కల్లు ఊరి వెలుపల చెట్టు కింద. ఈ విభజనలో కుల భేదం ఉన్నది, అంటరానితనపు నీడ ఉన్నది, కాదనను. ఐనా దానివలన ఒక మేలు కూడా జరిగింది. ఆకలిగొన్నవాడు అన్నం కోసం వెళ్ళి మత్తులో పడే అవసరం రాలేదు.

పూటకూటి ఇంటిని గూర్చి ఇంత చెప్పడానికి ఇంకొక కారణం ఉన్నది. ఈ జిల్లా ఎవరి పేరు ధరించిందో ఆ టంగుటూరి ప్రకాశం పంతులుగారు అట్టి ఇంటిలోనే పెరిగారు. 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించిన ఆయన పదకొండేండ్ల వయసులో తండ్రిని కోల్పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి బిడ్డలను పోషించింది. ఆనాటి బ్రాహ్మణ సమాజంలో అన్నం అమ్ముకొని బ్రతకడం చిన్నతనం. ఆమె వెరవలేదు, ఆయన దాచలేదు. అన్నపు వెలతో చదువుకొన్న ఆ బాలుడు కాలక్రమాన ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ పదవి కల్లు మీద పోయింది. ఆ సంగతికి వచ్చే ముందు రాజు ఆ చెట్టు కిందికి ఎలా వచ్చాడో చూడాలి.

ఆంగ్లేయ ప్రభుత్వం తెచ్చిన 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మద్యం తయారు చేయడం, అమ్మడం, చెట్టు గీయడం కూడా నేరం. గీసే ప్రతి చెట్టుకు పన్ను, పన్ను కట్టిన చెట్టుకు గుర్తు. దుకాణాలకు ఏటా వేలం. వేలమంటే ఏమిటో ఆలోచించండి. ఎవడు ఎక్కువ పాడితే వానికి దుకాణం. ఎక్కువ పాడినవాడు ఎక్కువ అమ్మాలి. ఎక్కువ అమ్మాలంటే చెట్టు కల్లు చాలదు, నిలవ ఉండే, దూరం పోయే సారా కావాలి. సారా పెద్ద బట్టీలలో తయారై గుత్తేదారు చేతికి వచ్చింది. రోజుకు రెండుసార్లు చెట్టెక్కే మనిషి పట్టిన హద్దు చెరిగిపోయింది. కౌటిల్యుడు కూడా సురపై ఆదాయం తీసుకొన్నాడు, అందులో దాపరికం లేదు. కాని ఆయన సురాధ్యక్షుడు దుకాణాలు గుంపుగా ఉండకుండా చూచేవాడు. వేలం మాత్రం అమ్మకం పెరిగితేనే వర్ధిల్లుతుంది. ధ్వజం రాజదండానికి కట్టబడింది.

అంతటితో ఆగలేదు. 1919 సంస్కరణల తరువాత మద్రాసులో అబ్కారీ, విద్య రెండూ మంత్రుల శాఖలయ్యాయి. బడి పిల్లల చదువుకు సారా దుకాణపు డబ్బు! సహాయ నిరాకరణ కాలంలో ఆంధ్రదేశమంతటా కల్లు దుకాణాల ముందు పికెటింగు జరగడానికి నైతిక కారణం ఎంత ఉన్నదో, ప్రభుత్వ ఖజానాను కొట్టే ఉద్దేశం అంతే ఉన్నది. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధం ప్రారంభించింది. అదే నెలలో వార్ధాలో గాంధీజీ చేతివృత్తితో తన ఖర్చు తానే భరించుకొనే విద్యను ప్రతిపాదించారు. మద్యం పన్ను మీద చదువు ఆధారపడడం ఆయనను బాధించిన విషయాలలో ఒకటి. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు నిషేధం వచ్చింది. పోయిన ఆదాయం పూడ్చడానికి 1939లో రాజాజీ అమ్మకపు పన్ను తెచ్చారు. నేడు మనం కొనే సరుకులతో పాటు చెల్లించే పన్నుకు మూలపురుషులలో అదొకటి. యుద్ధకాలంలో నిషేధం ఆగి, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా విస్తరించింది. నెల్లూరు జిల్లాలోని దర్శి కూడా అందులోకి వచ్చింది.

ఈ నిషేధం మద్యాన్ని నిషేధించినంత సులభంగా ఆకలిని నిషేధించలేదు. చెట్టెక్కడం తప్ప వేరే విద్య తెలియని వేలాది కుటుంబాలు ఒక్క ఉత్తర్వుతో నేరస్థుల కుటుంబాలయ్యాయి. చాటున బట్టీలు వెలిశాయి. చెట్టు కల్లు కంటే చాటు సారా ప్రమాదకరం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఈ సమస్య ఉడుకుతున్నది. ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ నిషేధం విఫలమైందని, ఎత్తివేయాలని చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షాన సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

నిషేధం పక్షాన నిలిచి ప్రకాశం గారు ఓడారు, కనుక ఆయన ధర్మవీరుడు అని చెప్పడం సులభం. లచ్చన్నగారు కల్లు పక్షాన నిలిచారు, కనుక అధర్మం అని చెప్పడమూ అంతే సులభం. రెండూ తొందరపాటు మాటలే. లచ్చన్నగారు అడిగింది మత్తు కోసం కాదు, వృత్తి పోయినవాని అన్నం కోసం. పూటకూటి ఇంటి బిడ్డకు అన్నం విలువ తెలియదని ఎవరంటారు? తాగుడు మూలాన బుగ్గి అయిన ఇండ్లను ఆయన చూచాడు, చెట్టు దిగిన మనిషి ఖాళీ చేతులను ఈయన చూచాడు. స్వాతంత్ర్యోద్యమంలో ఒకే వైపు నడిచిన ఇద్దరూ ఒక్క ఓటు దగ్గర విడిపోయారు. ధర్మసంకటమనే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ మన సమీప చరిత్రలో నాకు కనబడదు.

తరువాత కొన్నేళ్ళకు నిషేధం సడలింది, వేలాలు తిరిగి వచ్చాయి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు దర్శి అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు దర్శి శాఖాకాలువ గుండా పొలాలకు వచ్చింది. నీటితో పాటు పంట, పంటతో పాటు కూలి డబ్బు, కూలి డబ్బు వెంట సారా. 1980వ దశకంలో ప్రభుత్వమే సారాను పొట్లాలలో పల్లెలకు చేర్చే పథకం పెట్టింది. దాని పేరు వారుణి వాహిని.

ఆ పేరు పెట్టినవారు పురాణం చదివారో లేదో గాని, మనం చదవాలి. క్షీరసాగరంలోనుండి వారుణి పుట్టినప్పుడు ఆమెను ఎవరు స్వీకరించారు? వాల్మీకి బాలకాండలో అదితి పుత్రులు స్వీకరించి సురులయ్యారు, దితి పుత్రులు కాదని అసురులయ్యారు. భాగవతం అష్టమస్కంధంలో తద్భిన్నంగా హరి అనుమతితో అసురులు ఆమెను తీసుకొన్నారు. ఒకే దేవత, ఇద్దరు ఋషులు, రెండు గమ్యాలు. సంప్రదాయం ఈ ద్వైధాన్ని దాచలేదు. ఎవరు స్వీకరించారన్నదే భేదం, ఇంటింటికీ పొట్లం కట్టి పంపమని మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. తాంత్రిక మార్గాన్ని ఉపదేశించే కులార్ణవం సైతం, తాగినంత మాత్రాన సిద్ధి కలిగేటట్లయితే లోకంలోని తాగుబోతులందరూ సిద్ధులే కావాలి కదా అని ఎగతాళి చేసింది.

ఆ పొట్లాలకు ఎదురుతిరిగినది పండితులు కారు, మఠాధిపతులు కారు. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన కూలి స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథ చదివి తమ కథే అనుకొన్నారు. కలిగిరి మండలంలోని దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలువగా స్త్రీలు సారా దుకాణాన్ని అడ్డుకొన్నారు. 1992లో జిల్లాలో సారా వేలం పాట పదేపదే ఆగిపోయింది. ఉద్యమం ఉత్తరంగా ప్రకాశం జిల్లాకు, అటుపైన రాష్ట్రమంతటికీ పాకింది. వారు భర్తల నుదుట సురాధ్వజం వేయమనలేదు. చెట్లు నరకమనలేదు. వేలం పాట జరిగే చోటికి వెళ్ళి దానిని ఆపారు. మనుస్మృతి చదవని ఆ తల్లులు దోషం ఎక్కడ నూరురెట్లు ఉన్నదో సరిగ్గా అక్కడ చేయి పెట్టారు. కట్టడి తాగుడు దెబ్బ తిన్న ఇంటిలోనుండే వచ్చింది, శుక్రుని మర్యాదలాగా. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే యేడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

పై నుండి చాటింపుగా వచ్చిన ఆ సంపూర్ణ నిషేధం ద్వారక చాటింపు వలెనే నిలువలేదు. పొరుగు రాష్ట్రాల నుండి సీసాలు సరిహద్దు దాటాయి, ఖజానా ఒట్టిపోయింది, 1997లో సడలించారు. సారా నిషేధం మాత్రం, స్త్రీలు అడిగి తెచ్చుకొన్నది, చట్టంలో మిగిలింది. దాని స్థానాన్ని సీసా మద్యం ఆక్రమించిందనేది వేరొక దుఃఖం.

2019 అక్టోబరు నుండి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో లాటరీ పద్ధతిన మరల ప్రైవేటువారికి ఇచ్చింది. ఒకరు రాజే శౌండికుడన్నారు, మరొకరు శౌండికుల నుండి రాజు రుసుము పుచ్చుకోవాలన్నారు. గీత కులాలవారికి దుకాణాలలో పదవ వంతు కేటాయించారు. చెట్టు గీసే వృత్తి దెబ్బతిన్నవారికి అది ఊరట అని చెప్పారు. ఊరటే కావచ్చు. కాని ఆ దుకాణంలో అమ్మేది ఆ చెట్టు కల్లు కాదు, నీరా కాదు, తాటిబెల్లం కాదు.